కమిలిన రంగు

అక్క కత్తి ఎత్తిందంటే చేపల షెడ్డులో బేరమాడేవాళ్ళు కూడా ఒక్క క్షణం నోరు మూసుకుంటారు. ఒక వేటుకు తల, ఇంకో వేటుకు తోక. అంతకు మించి మొద్దు మీద చప్పుడు వినపడిందంటే ఆవిడ మనసు బాగాలేదని పక్క బల్లలవాళ్ళకు అర్థమైపోతుంది. వెనకాల అందరూ ఆవిణ్ణి గండ్రగొడ్డలి అంటారు. ఎదురుగా మాత్రం చిన్నా పెద్దా 'అక్కా' అనే పిలుస్తారు. మనమూ అలాగే పిలుద్దాం, ఒంటికి మంచిది.

ఆ ఉదయం మొద్దు మీద చప్పుళ్ళు ఆగలేదు. కారణం, పెద్ద కారు దిగి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఐసు నీళ్ళలో బూట్లు తడవకుండా గెంతుకుంటూ వచ్చిన ఒక డ్రైవరు. ఒక నల్ల పెట్టె, దాని మీద ఒక దళసరి కార్డు తెచ్చి బల్ల చివర పెట్టాడు.

"సార్ పంపించారండి. రేపు సాయంత్రం షో. మీకు మొదటి వరుసలో సీటు."

"ఏ సారు?" అంది అక్క, తెలిసి కూడా.

"మీ మరిదిగారండి."

బల్ల మీదున్న చేప తల ముక్కచెక్కలైంది. డ్రైవరు తడి సంగతి మరిచిపోయి వెనక్కి నడిచాడు.

మరిది అంటే మామూలు మనిషి కాదు. అతను కుట్టించిన గౌను కోసం కోటీశ్వరుల ఇళ్ళ ఆడవాళ్ళు నెలల తరబడి కాచుక్కూచుంటారు. అతని షోకి పిలుపు రాలేదని మంచం పట్టినవాళ్ళున్నారు. అయితే ప్రతి షోలోనూ అతను ఒక ఆచారం పెట్టుకున్నాడు. మొదటి వరుసలో ఒక కుర్చీ కష్టజీవికి. పోయినసారి మురుగు కాలవలు తోడే మనిషిని కూర్చోబెట్టాడు. అంతకు ముందు ఇటుకలు మోసే ముసలామెని. మర్నాడు పేపర్లలో ఫోటో, కింద అతని మంచి మనసు గురించి నాలుగు ముక్కలు. ఈసారి ఆ కుర్చీ చేపలు కోసే వదినకి. భార్య తరఫు వాళ్ళు చేపలమ్ముకుంటారని చెప్పుకోవడానికి సిగ్గుపడే రకం కాదతను. దాన్ని కూడా అమ్ముకోగల రకం.

అతని భార్య, అంటే అక్క చెల్లెలు, ఈ షెడ్డులోనే పెరిగింది. తల్లి పోయినప్పుడు అది చంటిపిల్ల. అక్క దాన్ని ఖాళీ చేపల పెట్టెలో గోనె పరిచి పడుకోబెట్టి, పక్కనే చేపలు కోసింది. పిల్ల చూస్తుండగానే తాడిలా సాగింది. పొడుగు కాళ్ళు, పొడుగు మెడ, చేపల షెడ్డు. ఇంకేం కావాలి, అందరూ కొంగ అన్నారు. ఆ కొంగే పెద్దయ్యాక బట్టలు తొడుక్కుని నడిచి చూపించే పనిలో చేరింది, ఆ నడక చూసి అతను చేసుకున్నాడు. అక్క పొంగిపోయింది. షెడ్డంతా మిఠాయి పంచింది. ఆ మిఠాయి తలుచుకుంటే ఇప్పటికీ ఆవిడకి ఒళ్ళు మండుతుంది.

పెళ్ళయిన కొన్నాళ్ళకే కొంగ ఒంటి మీద మచ్చలు కనపడ్డాయి. అడిగితే మెట్లు దిగుతూ పడ్డానంది. ఇంకోసారి అలమారా తలుపు తగిలిందంది. మరోసారి స్నానాల గదిలో జారానంది. ఆ ఇంట్లో మెట్లూ తలుపులూ కూడా దీన్నే వెతుక్కుంటూ వచ్చి కొడతాయి కాబోలనుకుని అక్క పళ్ళు నూరింది. పోలీసు స్టేషనుకు వెళ్ళింది. అక్కడి ఇన్‌స్పెక్టరు చెడ్డవాడేం కాదు, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"ఆవిడ చెప్పాలమ్మా. మీరు చెబితే చాలదు."

ఆవిడేమో చెప్పదు. పోలీసులు ఇంటికి వెళ్ళి అడిగితే మెట్ల సంగతే చెప్పింది. ఆ మర్నాటి నుంచి మరిది ఇంటి గేటు అక్కకి తెరుచుకోలేదు. అక్క గేటు బయట నిలబడి గొంతు చించుకుంది, రాళ్ళు విసిరింది, కాపలావాళ్ళ చేత మెడ పట్టి గెంటించుకుంది. చెల్లెలి ముఖం చూసి ఏడాది దాటింది.

"వెళ్తావా?" అన్నాడు పక్క బల్ల ముసలాయన, కార్డు కేసి చూస్తూ.

"వెళ్తాను బాబాయ్. దాని నోట ఒక్క మాట వినాలి. 'కొట్టాడు' అని అది ఒక్కసారి అంటే చాలు, రెక్క పట్టుకుని తీసుకొచ్చేస్తాను. ఎవడు అడ్డమొస్తాడో చూస్తాను."

"అనకపోతే?"

అక్క కత్తి కడిగి, తుడిచి, సంచిలో పెట్టుకుంది.

ఆ కత్తి హాలు గుమ్మం దాకానే వెళ్ళింది. అక్కడ నల్ల కోటు కాపలావాడు సంచిలో చెయ్యి పెట్టి దాన్ని బయటికి తీసి, ఆవిడ ముఖం చూశాడు.

"ఇదెందుకండీ?"

"లోపల పళ్ళేమైనా పెడతారేమో, కోసుకుందామని."

అతను నవ్వలేదు. కత్తి తీసుకుని ఒక బిళ్ళ చేతిలో పెట్టాడు, పోయేటప్పుడు చూపించి తీసుకెళ్ళమన్నాడు. అతని వెనక మరో కాపలావాడికి ఎవరో పైవాడు పాఠం చెబుతున్నాడు. "వేదిక మీద ఏం జరిగినా ఎక్కకూడదు. నిప్పంటుకున్నా సరే. పోయినసారి ఎవడో ఎక్కి ఆర్పబోయాడు, సార్ వాడి ఉద్యోగం పీకేశారు." అక్క అదంతా విన్నదిగానీ పట్టించుకోలేదు. ఆవిడ ధ్యాసంతా ఎటునుంచి ఎక్కితే చెల్లెలికి దగ్గరవుతుందన్న దాని మీదే ఉంది.

అది ఒకప్పటి గిడ్డంగి. మధ్యలో నడుమెత్తు వేదిక, తెల్లగా, పొడుగ్గా. రెండువైపులా కుర్చీలు. నల్ల పెట్టెలో వచ్చిన గౌను అక్కకి భుజాల దగ్గర బిగుసుకుపోయి ఊపిరాడనివ్వడం లేదు. పక్క కుర్చీలో పెద్ద పెద్ద కళ్ళద్దాల ఆవిడ కూర్చుంది, ఫ్యాషన్ల గురించి పత్రికలో రాస్తుందట. ఆవిడ చూపు అక్క మోచేతి దగ్గర ఆగింది. ఎంత తోమినా వదలని పొలుసొకటి దీపాల వెలుగులో తళుక్కుమంటోంది.

"ఎంత బాగుందండీ ఈ మెరుపు! ఎవరు చేశారు?"

"చేపదండి. పొద్దుటిదాకా బతికే ఉంది."

కళ్ళద్దాలావిడ మురిసిపోయి ఆ మాట రాసుకుంది.

దీపాలు ఆరాయి. ఒక గొంతు పలికింది: "కమిలిన అందానికి స్వాగతం. ఇక్కడ మీరు చూసేదంతా ప్రదర్శనలో భాగమే. భయపడకండి, లేవకండి." జనం చిన్నగా నవ్వుకున్నారు. వాళ్ళకు ఇతని వేషాలు అలవాటే. పోయిన షోలో పిల్ల ఒంటి మీదున్న గౌనుకే నిప్పంటించాడు. అది మండుతుంటే పిల్ల అందులోంచి అడుగు బయట పెట్టి నడిచిపోయింది. ఆ ఫోటో చూడనివాళ్ళు లేరు.

తర్వాత సంగీతం మొదలైంది. సంగీతమంటే వీణలూ వేణువులూ కాదు. చెంపదెబ్బలు. ఎవరినో కొడుతుంటే రికార్డు చేసినట్టున్న చప్పుళ్ళు, ఒకదాని మీద ఒకటి, తాళానికి తగ్గట్టు. ఛెళ్ళున ఒకటి పడగానే మొదటి పిల్ల వచ్చింది. పట్టు గౌను, చిట్లిన పెదవి. రెండో పిల్ల కంటి కింద నల్లగా వాచింది. ఒకామె చేతికి కట్టు, ఆ కట్టుకి ముత్యాలు. ఇంకొకామె మెడ చుట్టూ వేళ్ళ అచ్చులు, వాటి మీద వజ్రాల హారం. చేతుల్లో సంచులకు బదులు గొలుసులు, కర్రలు. జనం చప్పట్లు కొడుతున్నారు.

అక్క మొదట నిజం దెబ్బలే అనుకుంది. తర్వాత తేరిపార చూసింది. దగ్గరగా వచ్చిన పిల్ల చెంప మీది దెబ్బ చెమటకు జారి మెడ మీదికి ఊదారంగు చార కట్టింది. రంగు. ఒట్టి రంగు. అమ్మయ్య అనుకుంది. అనుకున్నందుకు మళ్ళీ మండింది. కడుపు నిండినవాళ్ళకి ఆడదాని దెబ్బలు కూడా నగలేనా అని లోపల్లోపల బండబూతు తిట్టుకుంది.

ఆఖరున కొంగ వచ్చింది.

తెల్లటి, పల్చటి గౌను. నెత్తిన ఏమీ లేదు, మెడలో ఏమీ లేదు. ఎడమ కన్ను మూసుకుపోయింది. దవడ ఒక వైపు పొంగింది. భుజాల నుంచి మోచేతుల దాకా మచ్చల మీద మచ్చలు. నడకకే పేరు తెచ్చుకున్న పిల్ల, పక్కటెముకల దగ్గర చెయ్యి ఆనించి, ఊపిరి ఆచితూచి పీలుస్తూ నడుస్తోంది. హాలంతా ఒక్కసారి మూలిగింది, ఆనందంతో.

"అబ్బ! ఆ మేకప్ చేసినవాళ్ళ చేతులు కళ్ళకద్దుకోవాలి," అంది కళ్ళద్దాలావిడ. "ఒక్కొక్క మచ్చ ఒక్కో రంగు. అంచులు చూశారా, పచ్చబడ్డాయి కూడా! నిన్నటిదీ పోయిన వారానిదీ తేడా తెలిసేట్టు వేశారు!"

అక్క చూసింది. దీపాల వేడికి కొంగ ముఖమంతా చెమట పట్టింది. చెమట స్వచ్ఛంగా జారుతోంది. రంగు జారడం లేదు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిడ కుర్చీలోంచి ఎలా లేచిందో, వేదిక ఎలా ఎక్కిందో ఆవిడకే తెలియదు. కాపలావాళ్ళు కదల్లేదు. కొంగ ముందు నిలబడి, బొటనవేలు ఉమ్మితో తడుపుకుని, చిన్నప్పుడు మసి తుడిచినట్టు చెల్లెలి చెంప మీద రుద్దింది. చెంప కందింది. మచ్చ అలాగే ఉంది.

"అక్కా, నొప్పి," అంది కొంగ, పెదాలు కదపకుండా.

చప్పట్లు మోగాయి.

"ఎవరే కొట్టింది?"

కొంగ తల అడ్డంగా ఊపింది. "వెళ్ళక్కా. నీకు దణ్ణం పెడతాను. వెళ్ళిపో."

అప్పటికే మరిది తెర వెనక నుంచి వచ్చేశాడు. తెల్ల సూటు, కాలరుకి చిన్న మైకు, పళ్ళన్నీ కనపడే నవ్వు. జనానికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, మైకుని అరచేత్తో మూసి అన్నాడు: "దిగు వదినా. ఫోటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఇక చాలు." అంటూనే కొంగ మోచేతి పైన, సరిగ్గా కమిలిన చోట, వేళ్ళు దిగేసి నొక్కాడు. కొంగ మోకాళ్ళు మడతపడ్డాయి.

అక్క కొట్టింది. పెద్ద చేపల్ని మొద్దు మీదికి ఎత్తి కుదేసే చెయ్యి అది. గౌను చంకలో కుట్టు పర్రున పిగిలింది. మరిది గిరుక్కున తిరిగి వేదిక మీద బోర్లా పడ్డాడు. జనం వెర్రికేకలు వేశారు. అతను లేచి పెదవి తుడుచుకుని, నెత్తురు చూసుకున్నాడు. నవ్వు మాత్రం వదల్లేదు, కెమెరాలున్నాయిగా. చెయ్యి నడుముకి పోయింది. బెల్టు బకిలీ టక్కుమంది.

ఆ చిన్న చప్పుడుకి కొంగ నేలకు కరుచుకుపోయింది. రెండు చేతులూ తల మీద కప్పుకుని, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, ముద్దయిపోయింది. ఎవరూ దాని మీద చెయ్యి ఎత్తలేదు. బకిలీ చప్పుడైంది, అంతే. ఆ క్షణంలో అక్కకి ఏడాది పాటు గేటు లోపల జరిగిందంతా కళ్ళకు కట్టింది.

బెల్టు గాల్లో తిరిగి బకిలీతో సహా అక్క కనుబొమ్మ మీద పడింది. చర్మం చీలి నెత్తురు కంట్లోకి దిగింది. రెండో దెబ్బ మెడ మీద. మూడోదాన్ని ఆవిడ గాల్లోనే పట్టుకుంది. చేతికి చుట్టుకుని ఒక్క గుంజు గుంజేసరికి మరిది ముఖం వచ్చి ఆవిడ నుదుటికి కొట్టుకుంది. ముక్కు ఎముక పటుక్కున విరిగింది. తెల్ల సూటు ముందంతా ఎర్రబడింది. అతను గోళ్ళతో ఆవిడ చెంప చీరాడు, బూటుతో మోకాలి మీద తన్నాడు, అందిన చెయ్యి కొరికాడు. అక్క ఊరుకుంటుందా, జుట్టు పట్టుకుని తల నేలకేసి బాదింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. బెల్టు అతని మెడ చుట్టూ తిప్పి, వీపు మీద మోకాలు పెట్టి బిగించింది.

"చెప్పరా! దాన్నేం చేశావో చెప్పు!"

మైకు ఆ మాటను హాలంతా వినిపించింది. మొదటి వరుస వాళ్ళు లేచి నిలబడ్డారు. చప్పట్లతో పైకప్పు దద్దరిల్లిపోతోంది. "వన్స్ మోర్!" అని ఎవడో వెనక నుంచి అరిచాడు. కళ్ళద్దాలావిడ కళ్ళు తుడుచుకుంటూ చప్పట్లు కొడుతోంది. కాపలావాళ్ళు చేతులు కట్టుకుని వేదిక కిందే నిలబడ్డారు, ఉద్యోగాలు ముఖ్యం మరి. మరిది చెయ్యి వాళ్ళ వైపు చాచి కొట్టుకుంటుంటే అదెంత సహజంగా ఉందోనని వాళ్ళు కూడా మెచ్చుకున్నారు.

అతని ముఖం ఎర్రబడి, తర్వాత నల్లబడింది. నాలుక బయటికొచ్చింది. ఇంకొంచెం బిగిస్తే చాలని అక్కకి తెలుసు. చంపాలని ఉంది. ఆ కోరికను ఆవిడ దాచుకోలేదు, దానికి సిగ్గుపడలేదు.

"అక్కా, ఆగు!"

కొంగ పాక్కుంటూ వచ్చి అక్క మణికట్టు పట్టుకుంది.

"ఇంకా వీడి ప్రాణమేనటే నీకు? ఇంకా వీణ్ణే కాస్తావా?" అంతటి అక్కకీ ఏడుపొచ్చింది.

"వాడి కోసం కాదక్కా. వాళ్ళని చూడు." కొంగ బాగున్న కంటితో జనం వైపు చూపించింది. "నువ్వు చంపేసినా చప్పట్లే కొడతారు. తర్వాత నిన్ను జైల్లో పెడతారు. నాకింకెవరున్నారు?"

అక్క చేతులు సడలాయి. మరిది పక్కకి దొర్లి, దగ్గుతూ, గొంతు పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు. కొంగ అతని కాలరు నుంచి మైకు పీకేసింది. మైకు పెదాల దగ్గర పెట్టుకుంది. నడిచే పిల్లలు మాట్లాడడం ఆ హాల్లో ఎవరూ ఎరగరు. అందరూ మెడలు చాచారు.

"నన్ను కొట్టాడు," అంది కొంగ.

ఇన్నాళ్ళుగా అక్క ఎదురుచూసిన మాట. వినగానే చెల్లెల్ని లాక్కుని బయటికి నడవాలనుకున్న మాట. తీరా విన్నాక ఆవిడ ఉన్నచోటే కూలబడింది.

హాలు మాత్రం చప్పట్లతో మారుమోగింది. ఈలలు కూడా వేశారు.

"ఇది రంగు కాదు," అంది కొంగ. మళ్ళీ చప్పట్లు. "నిజంగా కొట్టాడు. మా ఆయన. ఇదిగో ఇతనే." చప్పట్లు. ఎవరో పూలగుత్తి విసిరారు, అది కొంగ మోకాలికి తగిలి పడింది.

కొంగ దాని వంక చూడలేదు. పక్కటెముకల మీద చెయ్యి పెట్టింది.

"ఇది మొన్నటిది. నడక ప్రాక్టీసులో తడబడ్డానని బూటుతో తన్నాడు. ఎముక విరిగిందని డాక్టరు చెబితే, మెట్ల మీద పడ్డానని చెప్పమన్నాడు. చెప్పాను. ఈ కన్ను నిన్నటిది. మేకప్ అమ్మాయి ఈ కంటికి రంగు వెయ్యబోతే అక్కర్లేదన్నాడు, చేసే ఉంచానన్నాడు. ఆ అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను."

చప్పట్లు పలచబడ్డాయి. అక్కడక్కడా ఒకరిద్దరు కొడుతూ పక్కవాళ్ళ ముఖాలు చూశారు.

"మీరు విన్న పాటలో చెంపదెబ్బలు నావే. పడకగదిలో కొట్టి రికార్డు చేశాడు. బాగా రాలేదని మళ్ళీ మళ్ళీ కొట్టాడు."

కళ్ళద్దాలావిడ రెండు చేతులూ గాల్లోనే ఆగిపోయాయి. వాటిని ఏం చెయ్యాలో తెలియనట్టు చూసుకుని, ఒళ్ళో పెట్టుకుంది. వెనక ఎవరో వాంతి వచ్చినట్టు నోరు నొక్కుకుని బయటికి పరిగెత్తారు.

చప్పట్లు ఒక్క చోటి నుంచే వస్తున్నాయి. వేదిక మీద, విరిగిన ముక్కుతో, నెత్తురు పూసిన పళ్ళతో మరిది చతికిలబడి కూర్చుని గట్టిగా చప్పట్లు కొడుతున్నాడు. "అద్భుతం! ఏం నటన!" అంటున్నాడు, జనాన్ని కూడా కొట్టమని గడ్డం ఎగరేస్తున్నాడు. ఎవరూ కొట్టలేదు. అతను ఆపలేదు. ఆపితే ఏమవుతుందో అతనికి తెలుసు.

కాపలావాడొకడు వేదిక ఎక్కి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నా మాట నమ్మినవాళ్ళెవరైనా ఉంటే పోలీసులకి ఫోన్ చెయ్యండి," అంది కొంగ. తర్వాత అక్క పక్కన కూర్చుంది, ఆవిడ కంటి మీది నెత్తురు తన తెల్ల గౌను అంచుతో ఒత్తింది, మైకు మళ్ళీ పైకెత్తింది.

"పెళ్ళైన మూడో రోజు నుంచి చెబుతాను," అంది. "ఎవరూ వెళ్ళకండి."